పడకవేళ ప్రశ్న

బసవేశ్వరుని బాల్యమున చెప్పుకొనదగిన మొదటి ఘట్టము ఒక బాలుడు తండ్రికి వేసిన ప్రశ్న. మాదిరాజు కుమారునకు ఉపనయనము చేయ సంకల్పింపగా, శివభక్తునకు ఈ సంస్కారమెందులకని ఆ బాలుడు నిలదీసెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. తండ్రికి ఆ ప్రశ్న రుచింపలేదు. బాలుడు ఇల్లు విడిచెను. తరువాత కల్యాణమున వెలసిన అనుభవమంటపములో, శూన్యసింహాసనముపై అల్లమప్రభువు కూర్చుండగా, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు అడుగుటకును, చెప్పుటకును హక్కు గలవారైరి. ఇట్టి సంప్రదాయము తమదని చెప్పుకొను ఇండ్లలోనే రాత్రివేళ బిడ్డ "ఎందుకు?" అనినంతనే "కళ్ళు మూసుకుని పడుకో" అను మాట వినవచ్చుట విచిత్రము.

ఉద్దానములోని ఏ ఇంటినైనను తీసికొనవచ్చును. ఇచ్ఛాపురము మొదలు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఒదిగిన ఊళ్ళవి. దీపమార్పగానే అచట సముద్రము వినబడును. "మామ్మా, సముద్రం పగలు ఊరుకుని రాత్రే ఎందుకు గోల పెడతాది?" అని మనుమరాలు అడుగును. సముద్రము రాత్రి గొంతు పెంచదు. ఊరి చప్పుళ్ళు అణగిపోవుట ఒక కారణము. రాత్రి నేల చల్లబడగా దానినంటిన గాలియు చల్లబడి, పైగాలి వెచ్చగా నిలుచుట రెండవది; అప్పుడు పైకి పోవు ధ్వని వంగి మరల నేలకే దిగి, దూరపు చెవికి అందును. ఈ రెండవ కారణము మామ్మకు తెలియకపోయినను లోటు లేదు. "మధ్యాహ్నం ఊరు సద్దుమణిగినప్పుడు ఓసారి విని చూడు" అని ఆమె చెప్పినచో బిడ్డకు మొదటి కారణము తనంతట తానే దొరకును.

అన్ని ప్రశ్నలు ఇంత తేలికవి కావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపమున తీరము దాటెను. (తిత్లీ యనగా సీతాకోకచిలుక, ఆ పేరు సూచించినది పాకిస్తాను. పిల్లలు దీనిని విని నవ్వుదురు, పెద్దలు నవ్వలేరు.) తరముల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు ఆనాడు నేలకొరిగినవి. ఆ కథ చెప్పునప్పుడెల్ల పిల్లలడుగు ప్రశ్న యొకటి కలదు: తుఫానులో గాలి నడుమ ఆగి, మరల ఎదురుదిక్కునుండి ఎందుకు వచ్చును? గంగమ్మ కోపము తగ్గి మరల హెచ్చినదని చెప్పుట సులభము. కాని అట్లు విన్న బిడ్డ మరునాటి రాత్రి తాను చేసిన తప్పేమిటని వెదకుకొనును. నిజమేమనగా తుఫాను తిరుగుచున్న చక్రము. భూభ్రమణము వలన మన అర్ధగోళమున అది గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. దాని నడుమనుండు కన్ను ప్రశాంతముగా నుండును. కన్ను ఊరు దాటిపోగానే చక్రపు రెండవ ప్రక్క గాలి ఎదురుదిక్కునుండి కొట్టును. ఇది తెలిసిన బిడ్డ ఆ ప్రశాంతతను నమ్మి వాకిటికి పరుగెత్తదు. ఒక్క సరియైన సమాధానము ఒక ప్రాణమును నిలుపగలదు.

పెద్దలు చెప్పినది తప్పని తేలినప్పుడు దిద్దుకొనుటయు ఈ పనిలోని భాగమే. టెక్కలి దగ్గరి తేలినీలాపురము చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియానుండి వచ్చునని ఆ ప్రాంతమున తరతరములుగా పిల్లలకు చెప్పుచున్నారు. ఆ రెండు జాతులును దక్షిణ, ఆగ్నేయ ఆసియాలకు చెందినవే. గుడ్లు పెట్టుటకు ఋతువును బట్టి చోటు మారునవే. "నిన్న నేను చెప్పింది తప్పమ్మా" అని మామ్మ అనినచో ఆమె గౌరవమునకు కొరత రాదు.

ఇక ఉద్దానపు ఇండ్లలో పెద్దలు భయపడు ప్రశ్న వేరు. "తాతకు కిడ్నీలు ఎందుకు పాడయ్యాయి?"

కొంత చెప్పగలిగినది కలదు. మూత్రపిండములు రెండు, ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు, అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు లీటరు, రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు మరల రక్తములో చేర్చును. అవి చెడినప్పుడు యంత్రముచే ఆ పని చేయించుటయే డయాలిసిస్. తాత వారమునకు మూడుమార్లు, నాలుగేసి గంటలు ఆసుపత్రి మంచముపై పడియుండుట అందులకే. కాని ఈ తీరమునకే ఇంత విరివిగా, మధుమేహము గాని రక్తపోటు గాని లేనివారికి సైతము ఈ వ్యాధి ఎందుకు వచ్చుచున్నది? నీటిని, నేలను, పురుగుమందులను, ఎండలో పనిచేయువారి ఒంటి తడి ఆరిపోవుటను, వంశపారంపర్యమును, అన్నిటిని పరిశోధకులు అనుమానించిరి. ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రితోపాటు పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి.

ఈ ఖాళీలోనికే పూర్వజన్మపాపమను మాట దూరును. చెప్పువారికి అది ఓదార్పుగా తోచవచ్చును. కాని కాయకమే కైలాసమని జీవితమంతయు జీడితోటలో చెమటోడ్చిన వృద్ధుని, మనుమరాలి కన్నులకు పాపిగా నిలుపు మాట అది. బసవన్న మార్గమున దానికి చోటు లేదు. "తెలీదమ్మా, ఇంకా వెదుకుతున్నారు" అనుట కష్టముగానున్నను, అందు తాత మర్యాద దక్కును.

ఆ ప్రశ్న వెనుక మరొకటి దాగియుండును. దానిని బిడ్డ చీకటిలోనే, మెల్లగా అడుగును: "మామ్మా, నాకూ వస్తాదా?" రాదని ఒట్టు వేయదగదు. నొప్పి మాత్రలు వైద్యుని అడుగక మ్రింగరాదనియు, ఎండలో పనిచేయువారు దాహమునకు ముందే మంచినీరు త్రాగవలెననియు, రక్తములో క్రియాటినిన్ చూచు పరీక్ష ఒకటి కలదనియు చెప్పవచ్చును. అంతకన్న మేలైన సమాధానము మామ్మ యొద్దనే కలదు. ఇన్నాళ్ళు భయముచేత ఆమెయు ఆ పరీక్షకు పోలేదు. "రేపు నేనూ రక్తం ఇచ్చొస్తాను, నువ్వు తోడు రా" అని ఆమె అనగా, మనుమరాలు ఆ చేయి పట్టుకొని గోడవైపు తిరిగి పడుకొనును.