లెక్కయు ధర్మమును

గణితము పక్షపాత మెఱుఁగదని మనలో ననేకుల నమ్మకము. రెండును రెండును నాలు గగుట ధనికుని యింటను పేదవాని యింటను నొక్కటియే గదా! ఈ నమ్మకముతోడనే నేఁడు వైద్యశాలలు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు తమ నిర్ణయములను కృత్రిమమేధ కప్పగించుచున్నవి. నమ్మకము సగము సత్యము. మిగిలిన సగమును గుఱించి మేము నాలుగు మాటలు చెప్పఁదలఁచితిమి.

అమెరికా వైద్యశాలలలో, దీర్ఘరోగు లెవరికి విశేష సంరక్షణ మవసరమో ముందుగా నెన్నుటకు ఒక కంప్యూటరు గణనవిధానము వాడుకలోనికి వచ్చెను. విశ్వవిద్యాలయ సంబంధముగల పెద్ద వైద్యశాల యొకటి తన లెక్కలను పరిశోధకుల ముందు విప్పిపెట్టఁగా, బర్క్లీలోని జియాద్ ఒబెర్మయర్, షికాగోలోని సెంథిల్ ముల్లైనాథన్ మొదలగు విద్వాంసులు వానిని శోధించి 2019లో 'సైన్స్' పత్రికలో ఫలితములను వెల్లడించిరి. యంత్రము సమానమైన యంకె వేసినచోటఁ గూడ, తెల్లజాతివారికంటె నల్లజాతివారు సగటున నెక్కువ రోగములతో నుండిరి.

వింత యేమనఁగా, రోగి జాతి యేదో యంత్రమునకుఁ జెప్పనేలేదు. కూడికలో తప్పు లేదు. "ఎవరు ఎక్కువ జబ్బుపడుదురు?" అని యడుగవలసిన చోట "ఎవరి వైద్యమున కెక్కువ వ్యయమగును?" అని యడిగిరి. వ్యయము లెక్కపుస్తకములలో సిద్ధముగా నుండును, బాధ యుండదు. వైద్యుని కడకుఁ బోలేనివానికి ఖర్చు తక్కువ. ఖర్చు తక్కువ గనుక వాఁ డారోగ్యవంతుఁ డని యంత్రము తలఁచినది! నొప్పిని దాఁచుకొని వంటయింట తిరుగు కోడలికి మందుల ఖర్చు లేకుండుటను జూచి, ఆమెకు జబ్బే లేదను మామగారి లెక్కయు నిట్టిదే.

ఈ లోపము తొలఁగినచో, విశేష సంరక్షణకు నేరుగా నెన్నికయగువారిలో నల్లజాతివారి పాలు నూటికి 17.7 నుండి 46.5 వఱకుఁ బెరుగునని వారు లెక్కించిరి. అంతటితో నూరకుండక, ఆ విధానమును నిర్మించిన వ్యాపారసంస్థకుఁ దెలిపి, దానితోఁ గలిసి, ఆరోగ్యస్థితిని గూడ లెక్కలోఁ జేర్చి చూడఁగా పక్షపాతము నూటికి 84 వంతులు తగ్గినది.

విశ్వవిద్యాలయము వ్యాపారులతోఁ జేయి గలుపరాదని వాదించువారు కలరు. సొమ్మిచ్చిన వాని మాటకుఁ దలయూఁపవలసివచ్చునని వారి భయము. అది నిరాధారము కాదు. కాని తలుపు మూసికొని కూర్చున్న పండితునకు ఆ వైద్యశాల లెక్కలు దొరకియుండెడివి కావు. కావలసినది కలయిక మానుట కాదు; సమస్యను దెచ్చినవాని ప్రశ్ననే పరీక్షించు హక్కును, తేలినదానిని లోకమునకుఁ జెప్పు హక్కును ఒడంబడికలో వ్రాయించుకొనుట.

మన సీమలో 2016లో పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధనాలయమును మైక్రోసాఫ్టు సంస్థయుఁ గలిసి, కర్నూలు జిల్లా రైతులకు వేరుసెనగ విత్తఁదగిన దినమును లెక్కించి తెలుఁగులో ఫోను సందేశములు పంపినవి. దిగుబడి హెచ్చినదని ప్రకటించిరి. తొలకరి చినుకులకే విత్తి, వాన మొగము చాటువేయఁగా విత్తనము పోఁగొట్టుకొన్నవానికి దీని విలువ తెలియును. ఐనను దిగుబడి యొక యంకె. పంట యమ్మి కౌలు చెల్లించి, అప్పు తీర్చఁగా నింట మిగిలినది వేఱొక యంకె. ఈ రెండవదానిని లెక్కింపుఁడని యడుగుటకుఁ గౌలురైతును గూడ పరిశోధకులతో సమానముగాఁ గూర్చుండఁబెట్టినచో, ఏనాఁడు విత్తవలెనను ప్రశ్నకు ముందు ఏ పంట విత్తవలెనను ప్రశ్న పుట్టునేమో.