పొడుగు గ్లాసులో పాలు

నాలుగేళ్ల పిల్ల ముందు ఒకే రకం గ్లాసులు రెండు పెట్టి, సమానంగా పాలు పోయండి. రెండూ సమానమేనని తనే ఒప్పుకుంటుంది. ఇప్పుడు తన కళ్లెదుటే ఒక గ్లాసులోని పాలు సన్నటి పొడుగు గ్లాసులోకి వంచండి. ఎందులో ఎక్కువున్నాయని అడిగితే, చాలాసార్లు తడుముకోకుండా పొడుగు గ్లాసే చూపిస్తుంది. ఎత్తు పెరగడం కనిపించింది. వెడల్పు తగ్గిన సంగతి దాంతో కలిపి చూడలేదు. తిరిగి పాత గ్లాసులో పోస్తే మళ్లీ సమానమవుతాయన్న ఊహా తట్టదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే గమనించింది ఇదే. ఏడేళ్లు వచ్చేసరికి చాలామందికి ఈ చిక్కు వీడిపోతుందన్నాడాయన.

అయితే పిల్లలకు అంతుపట్టనిది పాల సంగతేనా, లేక మన ప్రశ్నా? 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు పిల్లల ముందు బిళ్లల్ని రెండు సమాన వరుసలుగా పేర్చారు. ఈసారి వరుసను మార్చింది పెద్దవాళ్లు కాదు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ! అది వచ్చి చెదరగొట్టాక అడిగితే, సమానమేనని చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దమనిషి కావాలని మార్చి, అడిగిందే మళ్లీ అడిగితే, జవాబు కూడా మార్చాలి కాబోలనుకుంటారు పాపం. ఈ ప్రయోగమంటే నాకెంతో ఇష్టం. తప్పని మనం కొట్టిపారేసిన జవాబులో, పెద్దవాళ్ల మనసు కనిపెట్టాలన్న ఆరాటం ఉందని చూపించింది.

అలాగని పసిబుద్ధికి పరిమితే లేదనలేం. ఎలుగుబంటి వచ్చినా తప్పు చెప్పిన పిల్లలూ ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, "ఎందుకలా అనిపించిందమ్మా?" అని అడగాల్సిందే.