పక్కకు తిప్పిన మొహం

ఒకే ఇంట్లో పెరిగే రెండు కుక్కల మధ్య పెత్తనం ఎవరిదో తేల్చేవి కోరలు కావని నాకు దివిసీమలో నమ్మకం కుదిరింది. అవనిగడ్డ దగ్గర మా పెద్దమ్మగారింట్లో రాజి అని ఓ ముసలి ఆడకుక్క ఉంది. గోధుమరంగు, ఊరకుక్కల జాతి. దానికి తోడు గుడివాడ నుంచి తెచ్చిన లాబ్రడార్, బాబీ. కుర్రది, బరువులో రాజికి రెండింతలు. చేపలు కడిగే వేళ చూడాలి ఆ రెంటినీ. పెద్దమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కొరమీనుకు బూడిద రాసి తోముతుంది. కోశాక తలకాయ రాజి ముందు పడుతుంది. బాబీ ఓ అడుగు ముందుకేస్తుంది. రాజి మొరగదు, గుర్రుమనదు. నమలడం ఆపేస్తుంది, అంతే. మెడ బిగుస్తుంది, కంటి అంచున తెల్లగుడ్డు సన్నని గీతలా మెరుస్తుంది. బాబీ వెంటనే మొహం పక్కకు తిప్పేసి, ముక్కు నాక్కుని, అక్కడేదో ముఖ్యమైన పని ఉన్నట్టు నేల వాసన చూస్తూ పక్కకు తప్పుకుంటుంది. గొడవ అక్కడితో సరి.

చూసినవాళ్ళంతా రాజి దర్జాను మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం బాబీ దగ్గరే ఆగిపోతుంది. బలం దానిది. కలబడితే ముసలిది నిలవలేదు. ఆ పెరట్లో రాజి పెద్దరికం నడుస్తోందంటే బాబీ రోజూ దాన్ని ఒప్పుకుంటోంది కనకనే. పెత్తనం అనేది చేసేవాళ్ళ ఒంట్లో ఉండే గుణం కాదు, ఇద్దరి మధ్య నడిచే ఒప్పందం. అందులో బరువైన వంతు తగ్గేవాళ్ళదే.

ఈ తగ్గడాన్ని స్విట్జర్లాండ్ పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1967లో రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి, ఒళ్ళు కుదించుకుని, చెవులు వెనక్కి వాల్చి, తోక కిందుగా ఆడిస్తూ వెళ్ళి పెద్దదాని మూతి నాకడం. తిండి కోసం కూన తల్లి మూతిని నాకే అలవాటులోంచి వచ్చిందది. రెండోది, పక్కకు ఒరిగి పొట్ట చూపించడం. తల్లి తనను నాకి శుభ్రం చేస్తుంటే కూన కదలకుండా పడుకునే తీరే దానికి మూలం. రెండింటికీ పుట్టిల్లు తల్లి ఒడే. లొంగుబాటు అంటే ఓటమి అనుకునే మనకు ఇది కాస్త ఆలోచించాల్సిన సంగతి.

అదే షెంకెల్ 1947లో బాసెల్ జంతుప్రదర్శనశాల తోడేళ్ళ మీద రాసినది మాత్రం వేరే దారి పట్టింది. ఒక ఆవరణలో మూసిపెట్టిన తోడేళ్ళ పోట్లాటలు చూసి, గుంపంటే నాయకత్వం కోసం కుమ్ములాట అని లోకం నమ్మింది. అడవిలో గుంపంటే సాధారణంగా తల్లీ తండ్రీ పిల్లలేనని డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా రాశాడు. అయినా పాత మాట చావలేదు. 'మీరే బాసని దానికి తెలియాలి, వెల్లకిలా పడేసి అదిమి పట్టండి' అని కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాళ్ళు కొందరు ఇప్పటికీ చెబుతారు. నాకు ఒళ్ళు మండే సలహా ఇది. కుక్క తనంతట తాను పడుకుంటేనే అది మర్యాద. మనం పడేస్తే దానికి మిగిలేది భయం.

గుడివాడ, కైకలూరు మధ్య చేపల చెరువుల గట్ల మీద కాపలా కుక్కల్ని చూస్తే ఇంకో పొరపాటు తెలుస్తుంది. కొత్త కుక్క గట్టెక్కితే కాపలాది తోక నిటారుగా లేపి, కొస మాత్రం గట్టిగా, పొట్టిగా ఆడిస్తుంది. 'తోక ఊపుతోందిగా, ఏం చెయ్యదులే' అనుకుంటే ప్రమాదం. తమ యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపుకు, పెత్తనం చూపే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువ మొగ్గుతుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. మన కంటికి ఆ తేడా అందకపోవచ్చు. బిగుసుకున్న ఒళ్ళు మాత్రం అందుతుంది.

బందరు వైపు వెళ్తే మంగినపూడి ఇసుకలో సాయంత్రం పూట కుక్కల ఆట చూడండి. ఒకటి ముందుకాళ్ళు మోచేతుల దాకా ఇసుకలో ఆనించి, వెనకభాగం పైకెత్తి, నోరు వదులుగా తెరుస్తుంది. 'ఇకమీద కరిచినా ఆటే సుమా' అని చెప్పడం అది. మార్క్ బెకాఫ్ 1995లో గమనించినదేమంటే, తల విదిలిస్తూ కరిచే కాటుకు, అంటే అపార్థానికి తావిచ్చే కాటుకు, కాస్త ముందో వెనకో ఈ వంగడం ఎక్కువగా కనిపిస్తుంది. నన్ను కదిలించేది ఇంకొకటి. ఆటలో బలమైనది తనంతట తాను కింద పడుతుంది, తరిమేది తరిమించుకుంటుంది. పొట్ట చూపించే ఆ భంగిమకే ఇక్కడ లొంగుబాటుతో పనిలేదు. కాటు తప్పించుకోవడానికీ, కింద నుంచి ఎదురు కాటు వెయ్యడానికీ అదో ఎత్తుగడ. బలాన్ని ఇష్టపడి పక్కన పెట్టగలిగినప్పుడే ఆట సాగుతుంది. ఒకటే ఎప్పుడూ పైన ఉండి, రెండోది పారిపోవడానికి సందు వెతుక్కుంటుంటే ఆట అయిపోయినట్టే. అప్పుడు పిలిచి విడదియ్యాలి.

'వాటి జోలికి పోకురా, అవే సర్దుకుంటాయి' అంటుంది పెద్దమ్మ. ఆవిడ పెరట్లో అది నిజం, ఎందుకంటే బాబీ తప్పుకోవడానికి అక్కడ చోటుంది. ఇరుకు వరండాలో రెంటినీ చెరో స్తంభానికి దగ్గర దగ్గరగా కట్టేస్తే మొహం తిప్పుకున్నది ఎక్కడికి పోతుంది? ఇక మనం చేసే ఘోరం, గుర్రుమన్న కుక్కను కొట్టడం. అది 'దూరంగా ఉండు' అని అడుగుతోంది. ఆ మాటకే దెబ్బ పడుతుంటే కొన్నాళ్ళకు మాట మానేస్తుంది. ఆ తర్వాత నేరుగా కాటే.