కూర చెడగొట్టుకునే హక్కు

వారపత్రికల్లో వంటల పేజీ చూడండి. నూనె తగినంత, ఉప్పు తగినంత, జీడిపప్పు గుప్పెడు అని రాసి ఉంటుంది. ఈ ‘తగినంత’ ఎవరికి తగినంత? మా మాదిగపల్లెలో ఏ పొయ్యి దగ్గరా నేను ఈ మాట వినలేదు. మాకున్న మాట ‘ఉన్నంత’. ఉన్నంత పప్పు, ఉన్నంత నూనె, ఉన్నన్ని పుల్లలు. తగినంతతో వండితే దాన్ని పాకశాస్త్రం అన్నారు. నలుడి పేరూ భీముడి పేరూ పెట్టి గౌరవించారు. ఉన్నంతతో వండిన ఆడదాని పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మా తిండికి పేరు పెట్టాల్సి వస్తే తిట్టుగా పెట్టారు.

మా అమ్మ బతుకంతా ఉన్నంతతోనే వండింది. ఊరికే వండటం కాదు, వండిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి చూసేది. దాన్ని ప్రయోగం అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వంటల గురించి రాద్దామని కూర్చుంటే మొదటే ఒక చిక్కు అడ్డమొస్తుంది. లేమి చేయించిన వంటను కళ అందామా? అంటే ఆకలిని మెచ్చుకున్నట్టవుతుంది. మా పేదరికం ఎంత రుచిగా ఉండేదో చూడండని ఆధిపత్య కులాలకు విందు పెట్టినట్టవుతుంది. కళ కాదు, గతిలేక చేసిన పని అందామా? అప్పుడు మా అమ్మకు బుర్ర లేదు, నాలిక లేదు, చేతిలో పనితనం లేదు అన్నట్టవుతుంది. ఈ రెంటిలో ఏదీ నాకు ఒప్పుదల కాదు.

మాది బేస్తవారిపేట పక్క పల్లె. మెట్ట నేల, వాన పడితేనే పంట. కంభం చెరువు మాకు దూరమేం కాదు. కానీ ఆ చెరువు నీళ్లు పారే మడిచెక్క మా పల్లెలో ఎవరికీ లేదు. మావాళ్లు అక్కడికి నాట్లకు పోయారు, కోతలకు పోయారు. ఆ వడ్లు మాత్రం మా కుండలోకి రాలేదు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, కూలికి కొలిచిన కాసిని కందులు. వరన్నం పండక్కో, మనిషి మంచం పట్టినప్పుడో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిందాకా మా ఇంట్లో కూడు అంటే సంగటే.

ఆసామి ఇంట్లో ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టేవాళ్లు. గుగ్గిళ్లు ఎద్దులకు, మిగిలిన కట్టు దొడ్లో పారబోసేది. మా నాయిన అక్కడ జీతగాడు. అమ్మ ఆ కట్టును చెంబులో పట్టుకొచ్చేది. మొదట్లో ఉప్పేసి మాకు తాగించేది. తర్వాత చింతపండు పిసికి కాచింది. చింతపండు లేనప్పుడు చింతాకు దంచి వేసింది. పలచగా ఉంటే సంగటిలోకి నిలబడటం లేదని, మంట ఆర్పినాక సట్టిని నిప్పుల మీదే వదిలి పడుకుంది. తెల్లారేసరికి చిక్కగా, నల్లగా అయ్యింది. ఎన్ని నిప్పులు ఉంచితే అడుగంటకుండా చిక్కబడుతుందో తెలుసుకోడానికి ఆమెకు ఒక చలికాలం పట్టింది. ఇయ్యాల పెద్ద హోటళ్లలో ఉలవచారు మీద మీగడ వేసి ఇస్తున్నారు, ఉలవచారు బిర్యానీ అంటున్నారు. ఎద్దుల కాడ పారబోసే కట్టు కోసం చెంబు పట్టుకుని నిలబడ్డ ఆడమనుషులు ఎందరో ఆ మెనూ కార్డు చెప్పదు.

సోలెడు పప్పు ఎనిమిది మందికి రావాలి. అమ్మ గుప్పెడు జొన్నపిండి కలిపేది. వేడి పులుసులో పిండి వేస్తే ఉండలు కట్టింది. చన్నీళ్లలో కలిపి సన్నగా పోస్తూ తిప్పితే ఉండలు కట్టలేదు. కలుపుకు పోయినప్పుడు ఆసామికి ఏది కలుపో మాకు అదే కూర. గురుగాకు, చెంచలాకు, తుమ్మాకు, గంగపాయిలాకు ఒళ్లో కట్టుకొచ్చేది. చేదుగా ఉన్నదాన్ని ఒక ఉడుకు ఉడికించి నీళ్లు వార్చేసేది. గంగపాయిలాకు పుల్లగా ఉంటుంది గనక దాన్ని ఇందులో కలిపేది. చింతపండు ఖర్చు తప్పేది.

పెద్దకూర సంగతి చెప్పకుండా మా వంట గురించి చెప్పడం అబద్ధం. మా దాకా వచ్చేది ముసలి గొడ్డు మాంసం. ఎంత ఉడికినా సాగుతుంది. నూనె లేదు గనక కొవ్వు ముక్కలు ముందు సట్టిలో వేసి కరిగించేది. అందులోనే ఎర్రగడ్డలు, కారం. పచ్చి బొప్పాయి ముక్క ఒకటి వేస్తే మాంసం మెత్తబడుతుందని ఎవరి దగ్గరో విని, ఎంత ముక్క వేయాలో తనే తేల్చుకుంది. ఎక్కువైతే మాంసం పిండి పిండి అవుతుంది. గోంగూర చివర్లోనే వేసేది. మిగిలిన మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసేది. అవే ఒట్టి తునకలు. ఉప్పు తక్కువైతే పురుగు పడుతుంది, ఎక్కువైతే నోట పెట్టలేం. ఆ కొలత ఆమె వేళ్లకు తెలుసు. ముసుర్లు పట్టి కూలి లేని రోజుల్లో ఆ తునకల్ని నిప్పుల మీద కాల్చి, దంచి వంకాయలో వేసేది. పనిలేని నెలకు పని ఉన్న నెలలోనే కూడు దాచిన తెలివి అది.

ఇవన్నీ చెబితే చదువుకున్నవాళ్లు ఎంత సృజనాత్మకత అంటారు. ఆగండి. ప్రయోగం అంటే ఏంది? ఫలితం ముందు తెలియని పని. తెలియదు గనక చెడే వీలుంటుంది. కాలేజీ ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలితే ఇంకోటి ఇస్తారు. కలిగినవాళ్ల ఇంట్లో కొత్త కూర కుదరకపోతే పనిమనిషికి పెడతారు. అంటే వాళ్ల ప్రయోగం చెడితే ఆ చెడినది మా పళ్లెంలోకి వస్తుంది. మా ఇంట్లో చెడితే ఎక్కడికి పోవాలి?

మా అమ్మ దానికో పద్ధతి పెట్టుకుంది. కొత్తది ఏది చేసినా సట్టి మొత్తంలో చేసేది కాదు. ఒక గంటెడు పక్కకు తీసి అందులో చేసి చూసేది. కుదిరితే సట్టిలోకి, కుదరకపోతే తన పళ్లెంలోకి. “చెడితే నా పాలికి” అనేది. చాన్నాళ్లు దాన్ని మేము మాట వరసకు అంటున్నదనుకున్నాం. అది మాట వరస కాదు, లెక్క. మా ఇంట్లో జరిగిన ప్రతి ప్రయోగానికీ పెట్టుబడి ఆమె కడుపు. కూరలో ఉప్పు ఎక్కువైందని నాయిన పళ్లెం విసిరికొట్టిన రోజులున్నాయి. ఆసామి దగ్గర తలెత్తలేని మనిషి ఇంట్లో పళ్లెం మీద చెయ్యెత్తాడు. కులం మగవాడికి చేసిన అవమానం పొయ్యి దగ్గరికొచ్చి ఆడదాని మీద తేలింది. దళిత వంట గురించి మాట్లాడేవాళ్లు ఈ పళ్లెం సంగతి కూడా మాట్లాడాలి.

ఇంకో రకం వంట ఉంది. ఆసామి ఇంట్లో పెండ్లో పేరంటమో అయితే మిగిలినవి పెట్టేవాళ్లు. అన్నం, పప్పు, సాంబారు, పెరుగు, పచ్చడి అన్నీ ఒకే గిన్నెలో పైనుంచి పోసేవాళ్లు. వేరువేరుగా పోయమంటే వేరు గిన్నెలు తాకాలి గదా. అమ్మ దాన్ని తెచ్చి, తీయటి ముక్కలు ఏరేసి, ఎర్రగడ్డా ఎండుమిరపకాయా వేసి మళ్లీ ఉడికించేది. పులిసిన వాసన పోడానికి వాము వేసి చూసింది. మేం పిల్లలం లొట్టలేసుకుని తిన్నాం. ఆమె వంటల్లో అన్నిటికన్నా ఎక్కువ పనితనం చూపించింది ఇందులోనే అని నా నమ్మకం. కుదిరే వీలే లేనిదాన్ని కుదిర్చింది.

కొన్నేళ్ల కింద ఒక విద్యార్థి సంఘం వాళ్లు దళిత వంటకాల మీద సభ పెడుతూ మీ ఇంటి వంటల జాబితా ఇవ్వమన్నారు. అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఉలవకట్టు చెప్పింది, కలుపాకులు చెప్పింది, ఒట్టి తునకలు ఎండబెట్టే తీరు గంటసేపు చెప్పింది. ఆ కలగలుపు గిన్నె గురించి నేనే గుర్తు చేశాను. “అది రాయబాకమ్మా. అది వంట గాదు, వాళ్లు పారేసిన కూడు” అన్నది. “నువ్వే గదా అంత బాగా చేసేదానివి” అన్నాను. “చేశాను. తినాల గాబట్టి చేశాను. ఇయ్యాల ఎవరన్నా తెచ్చి ఇస్తే గిన్నె తోయనా?” అన్నది.

నేను వెతుకుతున్న దారి ఆ మాటల్లో ఉంది. అమ్మ పనితనాన్ని కాదనలేదు. చేశాను అని ఒప్పుకుంది. కానీ ఆ పనితనం దేనిమీద ఖర్చు చేయాల్సి వచ్చిందో దాన్ని తన వారసత్వంలోంచి తీసేసింది. ఒట్టి తునకల్ని ఉంచుకుంది. రెండూ పేదరికంలో పుట్టినవే. ఒకటి తను కొని, కోసి, ఎండబెట్టి, దాచుకున్నది. రెండోది వంగి పట్టిన గిన్నెలో పడింది.

అంబేద్కర్ 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం, ఎంగిలి మెతుకులు మానేయమని చెప్పారు. ఆ అంబేద్కరే 1948లో అచ్చయిన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రలోకి వెళ్లి తవ్వారు. ఒకప్పుడు బ్రాహ్మలూ తిన్నారని, వాళ్లు మానేసి ఆవును పవిత్రం చేసినాక మానలేనివాళ్లు అంటరానివాళ్లయ్యారని వాదించారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు, దాడులు జరిగినప్పుడు, అంబేద్కర్ మానమన్నదాన్ని మీరెట్లా పండగ చేస్తారని కొందరు అడిగారు. ఇందులో నాకు వైరుధ్యం కనపడదు. మహద్‌లో మానమన్నది రుచిని కాదు, కులం పని కింద మన నెత్తిన పడ్డ వాటాను. ఉస్మానియాలో అడిగింది వాటాను కాదు, ఎంచుకునే హక్కును. మా అమ్మ ఈ పుస్తకాలేవీ చదవకుండానే ఆ గీత గీసింది.

మరాఠీలో షాహూ పాటోళె 2015లో మరాఠ్వాడా దళితుల వంటలన్నీ ఒక పుస్తకంగా తెచ్చాడు. తెలుగులోనూ అట్లాంటివి రావాలి. వచ్చేటప్పుడు వండిన మనిషిని అడిగి రాయాలి. ఏది దాచుకుంటావు, ఏది వదిలేస్తావు అని. మేం గర్వపడాలని ఒకరు, సిగ్గుపడాలని ఒకరు తేల్చిపెట్టడం కుదరదు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. కొర్రలు సూపర్ మార్కెట్లో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధరకు పోతున్నాయి. కొర్రన్నం తినేవాళ్లని మమ్మల్ని వెక్కిరించిన నోళ్లకు డాక్టరు చీటీ మీద కొర్రలు వచ్చాయి. వంట అంటు కాకుండా పోయింది. మరి వండే చెయ్యి?

మా చెల్లెలు సంగతి చెబుతాను. 2003 జనవరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. వంట పని చాలా చోట్ల పొదుపు సంఘాల ఆడవాళ్లకు వచ్చింది. వంటమనుషుల్ని పెట్టేటప్పుడు దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. మా చెల్లెలు ఒక బళ్లో వండేది. పప్పులో మునగాకు వేసింది, సాంబారులో ఉలవకట్టు కలిపి చూసింది. పిల్లలు మారు అడిగి తిన్నారు. కొందరి పిల్లలు మాత్రం ఇంటి నుంచి టిఫిను తెచ్చుకుని దూరంగా కూర్చునేవాళ్లు. ఒకరోజు పప్పు అడుగంటింది. ఏ వంటింట్లో అడుగంటదు? ఆ పొద్దు ఊళ్లో ఎవరూ మా చెల్లెలు పప్పు మాడ్చిందనలేదు. “వాళ్ల వంట అట్లనే ఉంటది” అన్నారు.

ఈ మాట దగ్గర చదువుకునే పిల్లలు కాసేపు ఆగాలి. రిజర్వేషన్ సీటులో చేరిన పిల్లవాడు ఒక పేపరు తప్పితే ఏమంటారో మీకు తెలుసు. పక్క బల్ల మీది పిల్లవాడు అదే పేపరు తప్పితే వాడొక్కడే తప్పాడు. మనవాడు తప్పితే కులం తప్పింది. మాడిన పప్పూ తప్పిన పేపరూ ఒకటే న్యాయం కింద నడుస్తున్నాయి. గెలిస్తే అది నీ ఒక్కడి అదృష్టం, ఓడితే అది మీ అందరి గుణం. ఇట్లాంటి చోట మనిషి కొత్తది ప్రయత్నించడానికి భయపడతాడు. అయినా ప్రయత్నించారంటే మా అమ్మా చెల్లెలూ ఎంత గుండె ఉన్నవాళ్లో లెక్కేసుకోండి.

అందుకే నా జవాబు ఇది. లేమి మాది కాదు, మా మీద పెట్టింది. తెలివి మాది. లేమి ఉండబట్టే తెలివి పుట్టిందని ఎవరన్నా అంటే ఒప్పుకోను. లేమి లేకపోతే మా అమ్మ ఇంకా వంద రకాలు చేసి ఉండేది. దానికి రుజువు చూశాను. నాకు ఉద్యోగం వచ్చినాక, ఇంట్లో డబ్బాలు నిండుగా ఉన్న రోజుల్లో, ఆమె కొర్రలతో పాయసం చేస్తూ పాలు పొంగుతుండగా చింతపండు తీపి పచ్చడి కలిపింది, ఎట్లుంటదో చూద్దామని. పాలు విరిగిపోయాయి. గంటెడు తీసి రుచి చూసి, మొహం ముడిచి, గిన్నెడూ తీసుకెళ్లి బర్రె కుడితి తొట్లో పోసింది. తన పళ్లెంలో పోసుకోలేదు. కొంచెం నవ్వి, మళ్లీ కొర్రలు కడిగి ఎసట్లో పోసింది.

తిండి హక్కు అంటే నింపాదిగా తినే హక్కని చాలామంది అనుకుంటారు. అంతవరకే అయితే అది రేషన్ దుకాణంతో తీరిపోతుంది. మనం అడగాల్సింది అంతకన్నా పెద్దది. ఆడమనిషి తన కడుపు పందెం పెట్టకుండా కొత్త కూర వండగలగాలి. అది చెడితే ఒక కూర చెడిందని మాత్రమే లోకం అనాలి. బడి పొయ్యి దగ్గరైనా, పరీక్ష హాల్లోనైనా, ఆఫీసు కుర్చీలోనైనా ఈ హక్కు దక్కిందాకా మన రుచుల్ని ఎవరెంత పొగిడినా ఆ పొగడ్త ఒకే గిన్నెలో పైనుంచి పోసినట్టే ఉంటుంది.