దిగే మెట్లు

నాలుగు నెలలు హుస్సేన్ సాగర్ చుట్టూ కలిసి చెమటోడ్చిన ముగ్గురు మిత్రులు హాఫ్ మారథాన్ కోసం మైసూరు రైలెక్కారు. వాళ్లలో ఒకడు చురుకైనవాడు. రెండు గంటల్లోపు ముగించాలని పంతం. మిగతా ఇద్దరికీ 21.1 కిలోమీటర్లు పూర్తయితే చాలు, ఆ పైన మైసూర్‌పాక్ దొరికితే మరీ మంచిది.

పరుగు ఆదివారం. శనివారం మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక చాముండి కొండ కిందికి చేరారు. 17వ శతాబ్దంలో దొడ్డ దేవరాజ ఒడెయరు కట్టించిన మెట్లవి, వెయ్యి దాకా ఉంటాయి. అక్కడ పూలమ్మే అవ్వ వీళ్ల బూట్లు చూసి, ఎక్కి వెళ్లి బస్సులో దిగమని కన్నడంలో చెప్పింది. చేత్తో బస్సు వైపు చూపించింది కాబట్టి అర్థమైంది. చురుకైనవాడు నవ్వాడు.

"ఎక్కడమే కష్టంరా. దిగడానికి బస్సెందుకు?"

ఎక్కుతుంటే ముగ్గురూ రొప్పారు. రొప్పినచోటల్లా ఆగారు. ఏడొందల మెట్ల దగ్గర ఏకశిలా నంది మెడలో చెక్కిన గంటల్ని చూస్తూ పావుగంట కూర్చున్నారు. దర్శనమయ్యాక ఇద్దరు బస్సెక్కారు. మూడోవాడు పరుగున దిగాడు. ఆయాసమన్నదే లేదు. బస్సుకంటే ముందొచ్చానని రాత్రి భోజనాల దగ్గర రెండుసార్లు చెప్పాడు.

దిగేటప్పుడు అడుగడుగునా ఒంటి బరువును ఆపేది తొడ కండరాలే. అదీ సాగుతూ ఆపాలి. సన్నటి చిరుగులు అక్కడే పడతాయి. నొప్పి మాత్రం అప్పుడు రాదు, తెల్లారి వస్తుంది.

మర్నాడు పదో కిలోమీటరు దాకా వాడే ముందు. ఆ తర్వాత రోడ్డు కాస్త పల్లానికి దిగింది. పల్లమే! తొడలు కొయ్యబారాయి. వెనకొచ్చిన ఇద్దరూ వాణ్ణి చూసి ఆగారు.

"మోకాళ్లా?"

"తొడలురా."

అవ్వ మాట ఎవరూ ఎత్తలేదు. ముగ్గురూ నడుచుకుంటూ, మూడు గంటలు దాటాక గమ్యం చేరారు.

సాయంత్రం ఏడింటికి ప్యాలెస్ మీద దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. అది చూద్దామని బయల్దేరారు. లాడ్జిలో గది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. చురుకైనవాడు రెయిలింగు పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టే దిగాడు. పూలవ్వ చూడలేదు, అదొక్కటే నయం.

నీతి: రొప్పు తెప్పించే పని ఎక్కడ ఆగాలో తానే చెబుతుంది. హాయిగా సాగిపోయే పనిని మాత్రం తెల్లారేదాకా నమ్మకూడదు.