ఓటమి ఎవరి పద్దులో వ్రాయవలెను?

దుకాణమునకు నష్టము వచ్చిన సంవత్సరమున, అందు పనిచేసిన ప్రతివాడును నష్టము తెచ్చినవాడే అనవచ్చునా? లాభము వచ్చిన ఏట అందరును సమర్థులే అనవచ్చునా? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా దేశపు ఆటగాడొకని చరిత్ర కొంత సమాధానము చెప్పుచున్నది. అతని పేరు రాయ్ పార్క్.

మెల్బోర్న్ నగరమున పుట్టిన ఫుట్‌బాల్ ఆట ఒకటి కలదు. దాని నియమములు 1859లో వ్రాయబడినవి. కోలబంతితో, కోలగా నున్న మైదానములో, పక్షమునకు 18 మంది చొప్పున ఆడుదురు. 1908లో అక్కడి విశ్వవిద్యాలయపు జట్టు విక్టోరియా లీగులో చేరెను. 1911లో ఆటగాండ్రకు సొమ్ము ఇచ్చుటకు లీగు అనుమతించెను. విశ్వవిద్యాలయము వారు మాత్రము సొమ్ము లేకుండగనే ఆడిరి. జట్టు నానాటికి క్షీణించెను. 1912లో గెలిచిన ఆటయే కడపటిది. ఆ తరువాత వరుసగా 51 ఆటలు ఓడిపోయి, 1914తో లీగు నుండి తప్పుకొనెను.

పార్క్ ఆ జట్టులో 1912లో చేరెను. పొట్టివాడు, వైద్యవిద్య చదువుచుండెను. 1913, 1914 సంవత్సరములలో అతని జట్టు ఒక్క ఆటయు గెలువలేదు. అయినను అతడు గోల్ వెంట గోల్ వేయుచునే యుండెను. 1915లో మెల్బోర్న్ జట్టున ఆడెను. అంతటితో ఆ లీగులో అతని ఆట ముగిసెను. మొత్తము నాలుగేండ్లు మాత్రమే.

అతడు క్రికెట్టు కూడ ఆడెడివాడు. 1920 డిసెంబరు 31న మెల్బోర్న్‌లో ఇంగ్లండుతో మొదలైన టెస్టులో ఆస్ట్రేలియా తరఫున ఆడెను. మొదటి బంతికే ఔటయ్యెను. ఆస్ట్రేలియా 499 పరుగులు చేసి, ఇన్నింగ్సు 91 పరుగుల తేడాతో గెలిచెను. కనుక అతనికి రెండవమారు బ్యాటు పట్టు అవసరమే కలుగలేదు. మరి టెస్టు ఆడు అవకాశమును రాలేదు.

చూడుడు! జట్టు ఓడినప్పుడు అతని పని బాగుండెను. జట్టు గెలిచినప్పుడు అతని పద్దున సున్న. జట్టు ఫలితమును చూచి మనిషిని తూచినచో రెండు చోట్లను తప్పు తూకమే అగును.

సొమ్ము తీసికొనకపోవుట వలననే అతడు గొప్పవాడని నా అభిప్రాయము కాదు. ముందు వైద్యవృత్తి గలవానికి అది సులభము. వారమంతయు కూలిచేసి శనివారము ఆడువాడు నాలుగు షిల్లింగులు పుచ్చుకొన్న తప్పేమి? గెలుపు రాదని తెలిసియు పనిలో లోటు చేయకుండుటయే ఇచ్చట మెచ్చదగినది.

అట్లయిన నష్టమునకు ఎవరును బాధ్యులు కారా అని అడుగవచ్చును. సంస్థకు సంస్థ లెక్క ఉండనే యున్నది. గెలువలేని జట్టు 1914లో తప్పుకొనుట సబబే. నడవని దుకాణమును మూయుటయు సబబే. కాని సంస్థ లెక్కను పనివాని నెత్తిన రుద్దరాదు.

మనము సంవత్సరాంతమున లెక్కలు చూచి, లాభమును బట్టి గుమాస్తాలకు ఇనాములిత్తుము. సరుకు ధర తనంతట పెరిగిన ఏట కునికిన గుమాస్తాకును ఇనాము ముట్టును. ధర పడిన ఏట, బాకీలకై ఎండలో ఊరూర తిరిగినవానికి రిక్తహస్తమే. ఇది న్యాయమా? ఈసారి లెక్కలు కట్టునప్పుడు చిట్టాతోపాటు మనుష్యులను కూడ ఒక్కొక్కరిగా తలచుకొనవలెనని నా మనవి.