పాత రంగు – క్రొత్త పూత

బస్తరు దసరా ఉత్సవము 75 దినములు సాగును. హరేలీ అమావాస్యనాడు కొయ్యను పూజించుటతో అది ఆరంభమగును. దంతేశ్వరీదేవి ఛత్రము ఊరేగు రథమును జగదల్‌పూరులో ఏటేట క్రొత్తగా నిర్మింతురు. అందులకు అడవినుండి సాలవృక్షపు కొయ్యను తెత్తురు. క్రొత్త కొయ్యకు పాత మరకలుండవు. కాని ఆ సీమలోనే ఎండకు వానకు ఓర్చి నిలచిన చెక్క వసారా గల గృహస్థుని చిక్కు వేరు. ఏటేట పలకలను మార్చుట అతనికి సాధ్యము కాదు, ఉన్నవానినే బాగుచేసికొనవలయును. మన మనస్సు ఆ రథము వంటిది కాదు, ఈ వసారా వంటిది.

నల్లబడి పెచ్చులూడుచున్న పాత రంగుపై క్రొత్త రంగు పూయుట సులభము. ఒక్క పూటలో పని ముగియును, చూచినవారు మెచ్చుకొందురు. కాని ఆ పూత కొయ్యను అంటదు. ఊడనున్న పాత పొరనే అంటును. వర్షాకాలము గడచునప్పటికి రెండును కలిసి లేచిపోవును. కావుననే పని తెలిసినవాడు మొదట రంగును మెత్తబరచు మందు పూసి, గీకి, కడిగి, ఆరనిచ్చి, గరుకు కాగితముతో పోగు సాగిన దిక్కుననే రుద్దును.

తమ్ముని పొలమును అన్యాయముగా కలుపుకొన్న ఒకడు సత్రము కట్టించెననుకొందము. ఆకలిగొన్నవారికి అన్నము దొరకును. ఆ మేలు అసత్యము కాదు. కాని తమ్మునికి పొలము తిరిగి రాలేదు గదా! చేసిన కీడును దిద్దుకొనక చేయు సత్కార్యము పాత రంగుపై పూసిన క్రొత్త పూతయే.

అట్లని కొయ్యనే చెరపరాదు. కాస్టిక్ సోడా వంటి తీవ్రక్షారము రంగుతో ఆగదు. కొయ్యను నల్లబరచి, దాని పోగులను మెత్తబరచును. పిదప పలుచని ఆమ్లముతో దాని తీవ్రతను అణచి, నీటితో కడుగవలయును. పశ్చాత్తాపమును అట్టిదే. దోషమును కరగించుటకు అది అవసరము. కాని రేయింబవళ్ళు తన్ను తాను నిందించుకొనువాడు దోషముతోపాటు దానిని దిద్దగల శక్తిని కూడ పోగొట్టుకొనును.

మరి పాతదంతయు పోవువరకు మంచిపని చేయరాదా? అట్లు కాదు. లోతుగా ఇంకిన మరక కొంత మిగులవచ్చును. కొయ్య మరల లేతది కాదు. ఊడు పొర తొలగి, క్రొత్త నూనె కొయ్యను చేరిన చాలును. అందుకొక పరీక్ష కలదు. పలకపై నాలుగు నీటిబొట్లు చల్లవలయును. అవి పూసలవలె నిలచినచో పాత పొర ఇంకను ఉన్నదని అర్థము; లోనికి ఇంకినచో పలక సిద్ధమైనది.

మనకును ఆ పరీక్షయే చాలును. మన పాత తప్పును ఒకరు ఎత్తి చూపినపుడు ఆ మాట లోనికి ఇంకుచున్నదా, లేక పైపైననే జారిపోవుచున్నదా?